ప్రతి పాయింటర్‌కీ నల్ చెక్ పెట్టమనే లీడ్‌లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో, బెంగళూరులో లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లు రాయించే టీమ్ లీడ్‌లకు, ఆ టీమ్‌ల కోడ్ రివ్యూ చెక్‌లిస్టులు తయారుచేసే పెద్దలకు,

నమస్తే. మీ చెక్‌లిస్టులో ఉన్న ఒకే ఒక్క లైను గురించి ఈ లేఖ. "ఫంక్షన్‌కి వచ్చిన ప్రతి పాయింటర్‌నీ వాడేముందు నల్ చెక్ చేయాలి" అన్న లైను. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి అడ్రస్, నల్ అంటే ఏ చోటునీ చూపని సున్నా అడ్రస్, దాన్ని వాడితే ప్రోగ్రాం పడిపోతుంది. ఒక్కో కంపెనీలో మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి గానీ సంగతి అదే. ఆ లైను తీసేయండి అని అడగడానికే ఇది రాస్తున్నాను. సవరించమని అడగట్లేదు, తీసేయమనే అడుగుతున్నాను. ఆ చోట ఏం పెట్టుకోవచ్చో తర్వాత చెప్తాను, ముందు అది ఏం పాడుచేస్తోందో చూడండి.

మీ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు రాసిన ఈథర్నెట్ డ్రైవర్ ఏదైనా తెరవండి. ప్యాకెట్ బయటికి పంపే ఫంక్షన్, అదే ఎన్‌డీఓ స్టార్ట్ ఎక్స్‌మిట్, దాని దగ్గరికి వెళ్లండి. అసలు పని మొదలయ్యేలోపు మూడు ఇఫ్‌లు కనిపిస్తాయి. ఎస్‌కేబీ (ప్యాకెట్‌ని మోసే స్ట్రక్చర్) నల్ అయితే వెనక్కి, నెట్ డివైస్ (నెట్‌వర్క్ కార్డుకి కెర్నల్లో ఉండే రూపం) నల్ అయితే వెనక్కి, డ్రైవర్ సొంత ప్రైవేట్ డేటా నల్ అయితే వెనక్కి. ఎస్‌కేబీ లేకుండా కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండె, ఆ ఫంక్షన్‌ని పిలవనే పిలవదు, పంపాల్సిన ప్యాకెట్ ఉంది కాబట్టే పిలిచింది. డివైస్ నల్ అయితే ఆ ఫంక్షన్ ఎక్కడుందో కూడా కెర్నల్‌కి తెలీదు, ఎందుకంటే దాని అడ్రస్ తీసిందే డివైస్‌కి తగిలించిన ఆప్స్ టేబుల్లోంచి, అంటే డ్రైవర్ ఫంక్షన్ల పట్టికలోంచి. మూడోది ఇంకా విచిత్రం. ఆ ప్రైవేట్ డేటా ఇచ్చే నెట్‌డెవ్ ప్రివ్ ఎక్కడో వెతికి తెచ్చేదేమీ లేదు, డివైస్ స్ట్రక్చర్ వెనకాల ఉన్న జాగా అడ్రస్ లెక్కగట్టి ఇస్తుంది, అంతే. డివైస్ అడ్రస్ సున్నా అయినా సరే ఆ లెక్కకి సున్నా రాదు. కాబట్టి ఆ మూడో ఇఫ్ పుట్టినప్పట్నుంచీ ఏమీ పట్టుకోలేదు, ఇక ముందూ పట్టుకోదు.

వచ్చిన ప్యాకెట్లని గుంపుగా తీసుకునే నాపీ పోల్ ఫంక్షన్లో కంటైనర్ ఆఫ్ అనే మ్యాక్రోతో తెచ్చుకున్న పాయింటర్‌కి నల్ చెక్ పెట్టడం కూడా ఇదే జాతి. కంటైనర్ ఆఫ్ చేసేది మెంబర్ అడ్రస్‌లోంచి దాని ఆఫ్‌సెట్‌ని (స్ట్రక్చర్ మొదటి నుంచి దాని దూరాన్ని) తీసివేయడం ఒక్కటే. మెంబర్ గనక స్ట్రక్చర్‌లో మొట్టమొదట ఉంటే ఆఫ్‌సెట్ సున్నా, నల్ లోపలికి పోతే నల్లే బయటికొస్తుంది, చెక్ పనిచేస్తున్నట్టే ఉంటుంది. కొన్నాళ్లకి ఎవరో ఆ మెంబర్‌కి ముందు ఇంకో ఫీల్డ్ పెడతారు. ఆ రోజుతో చెక్ చచ్చిపోతుంది, కంపైలర్ నోరు మెదపదు, రివ్యూలో ఎవరికీ అనుమానం రాదు. డివైస్‌ని తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్లో డ్రైవ్‌డేటాకి (డివైస్‌కి డ్రైవర్ తగిలించుకున్న సొంత పాయింటర్‌కి) చెక్ పెడతారు చూడండి, డివైస్‌ని మొదట సిద్ధం చేసే ప్రోబ్ సక్సెస్ అయితేనే కదా రిమూవ్ పిలిచేది, ఆ ప్రోబ్‌లో డ్రైవ్‌డేటా పెట్టింది మీరే కదా. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కి వచ్చే డెవ్ ఐడీ అంతే, ఇంటరప్ట్ నమోదు చేసే రిక్వెస్ట్ ఐఆర్‌క్యూకి మీరిచ్చిన పాయింటరే తిరిగి మీకొస్తుంది. గుమ్మంలో ఎదురెళ్లి లోపలికి పిలుచుకొచ్చిన చుట్టాన్ని హాల్లో ఒకసారి, వంటింటి దగ్గర ఒకసారి "ఎవరండీ మీరు" అని అడిగినట్టుంది.

"ఉంటే పోయేదేముంది?" అని మీరంటారు. ఈ మాట రివ్యూల్లో విని విని చెవులు చిల్లులు పడ్డాయి. స్పీడ్ పోతుందని నేను అనను. 10 గిగాబిట్ లింక్ మీద 64 బైట్ల ఫ్రేమ్‌లు సెకనుకి దాదాపు 1 కోటి 48 లక్షల 80 వేలు వస్తాయి, అంటే ఒక్కో ప్యాకెట్‌కి మనకి దొరికేది 67 నానోసెకన్లే, అయినా సరే ఎప్పుడూ ఒకే వైపు వెళ్లే బ్రాంచ్‌ని ఇవాళ్టి ప్రాసెసర్ కరెక్ట్‌గానే ఊహిస్తుంది, ఖర్చు దాదాపు ఉండదు. క్యాష్‌లో లేని స్ట్రక్చర్ని ముట్టుకోవడం ముందు ఈ ఇఫ్ లెక్కలోకే రాదు. స్పీడ్ పేరు చెప్పి నల్ చెక్‌లు తీసేసే ప్యాచ్‌లు పంపేవాళ్లని కూడా నేను నమ్మను.

పోయేది వేరే. నల్ చెక్ అంటే చదివేవాడికి మీరు చెప్పే ఒక వాస్తవం: "ఈ పాయింటర్ ఇక్కడ నల్ అయ్యే దారి ఒకటుంది." చదివేవాడు ఆ మాట నమ్ముతాడు. నమ్మి ఆ దారి కోసం వెతుకుతాడు. గంటసేపు వెతికినా దొరకదు, ఎందుకంటే లేదు. దొరక్కపోయినా తీసేయడానికి భయం, "ఏమో, ఎందుకు పెట్టారో" అని. పైగా తను రాసే కొత్త ఫంక్షన్లో కూడా అదే చెక్ పెడతాడు, పక్క ఫంక్షన్లో ఉంది కదా. అలా ఒక అబద్ధం డ్రైవర్ అంతా పాకుతుంది, చివరికి నిజంగా నల్ అయ్యే పాయింటర్ ఏదో, భయం కొద్దీ చెక్ పెట్టిన పాయింటర్ ఏదో ఎవరూ విడదీసి చెప్పలేని స్థితి వస్తుంది. ఇరవై చెక్‌లలో నిజమైనది ఒకటో రెండో ఉంటే ఆ రెండిటికీ విలువ పోయింది.

ఇంకో నష్టం కస్టమర్ సైట్‌లో బయటపడుతుంది. ట్రాన్స్‌మిట్ కంప్లీషన్లో, అంటే పంపేసిన ప్యాకెట్ల లెక్క తేల్చే ఫంక్షన్లో, ఎస్‌కేబీ ఉండాల్సిన చోట నల్ కనిపించిందనుకోండి. రింగ్ (ప్యాకెట్ల వివరాలు చెప్పే డిస్క్రిప్టర్లు వరసగా ఉండే గుండ్రటి క్యూ) లెక్క ఎక్కడో తప్పింది అని అర్థం. చెక్ లేకపోతే అక్కడే ఊప్స్ (కెర్నల్ క్రాష్ రిపోర్టు) వస్తుంది, స్టాక్ ట్రేస్ వస్తుంది, ఏ ఫంక్షన్లో ఏ ఆఫ్‌సెట్ దగ్గరో తెలుస్తుంది, ఒక పూట టెన్షన్ పడినా సాయంత్రానికి ఎక్కడ వెతకాలో ఒక దారి దొరుకుతుంది. మీ చెక్‌లిస్టు ప్రకారం పెట్టిన ఇఫ్ ఉంటే? చప్పుడు లేకుండా రిటర్న్. ఆ డిస్క్రిప్టర్లు అలాగే ఉండిపోతాయి, క్యూ నిండుతుంది, ఆగిపోతుంది, కాసేపటికి నెట్‌డెవ్ వాచ్‌డాగ్ లేచి ట్రాన్స్‌మిట్ క్యూ టైమౌట్ అయిందని లాగ్‌లో రాస్తుంది. ఆ లైను పట్టుకుని మీ సపోర్ట్ టీమ్ ముందు హార్డ్‌వేర్‌ని అనుమానిస్తుంది, తర్వాత ఫర్మ్‌వేర్‌ని, ఆ తర్వాత కేబుల్‌ని. అసలు తప్పు జరిగిన చోటికీ ఈ లైనుకీ సంబంధం చెప్పే ఆధారం ఏదీ మిగలదు.

అలాగని కంప్లీషన్లో ఎస్‌కేబీ నల్ చెక్ అన్ని డ్రైవర్లలోనూ తప్పే అని అనుకోకండి. ఒక పెద్ద ప్యాకెట్ నాలుగైదు డిస్క్రిప్టర్లలో పరుచుకున్నప్పుడు చాలా డ్రైవర్లు ఎస్‌కేబీ పాయింటర్‌ని వాటిలో ఒక్కదాని దగ్గరే దాస్తాయి, మిగతా చోట్ల నల్ ఉండటం డిజైన్. అక్కడ ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టేముందు చెక్ ఉండి తీరాలి. అక్షరం తేడా లేని అదే ఇఫ్, ఒక డ్రైవర్లో డిజైన్, ఇంకో డ్రైవర్లో బగ్‌ని కప్పే దుప్పటి. ఏది ఏదో "ప్రతి పాయింటర్‌నీ" అనే రూల్ చెప్పలేదు.

ఇక తప్పు రకం చెక్‌ల సంగతి. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇదే. ఐపీవీ4లో రూట్ వెతికే ఐపీ రూట్ అవుట్‌పుట్ కీ ఫెయిల్ అయితే నల్ ఇవ్వదు, ఎర్రర్ పాయింటర్ (ఎర్రర్ నంబర్‌ని అడ్రస్ రూపంలో దాచిన పాయింటర్) ఇస్తుంది, దాన్ని ఈజ్ ఎర్‌తో చూడాలి. ఐపీవీ6లో ఐపీ6 రూట్ అవుట్‌పుట్ ఇంకో రకం, అది నల్ ఇవ్వదు, ఎర్రర్ పాయింటర్ కూడా ఇవ్వదు, ప్రతిసారీ ఒక డీఎస్‌టీ (రూట్ వివరాల స్ట్రక్చర్) చేతిలో పెడుతుంది. రూట్ దొరకలేదన్న సంగతి ఆ డీఎస్‌టీ లోపల ఎర్రర్ ఫీల్డ్‌లో ఉంటుంది, ఎర్రర్ వచ్చినా సరే దాన్ని రిలీజ్ చేయాల్సిన బాధ్యత మనదే. ఇప్పుడు చెక్‌లిస్టు చేతిలో పట్టుకున్న కుర్రాడు ఏం చేస్తాడు? డీఎస్‌టీ నల్ అయితే వెనక్కి అని రాస్తాడు. రివ్యూయర్ టిక్ పెడతాడు. రూట్ లేని రోజు ఆ చెక్ దాటుకుని ఎర్రర్ డీఎస్‌టీతోనే కోడ్ ముందుకెళ్తుంది. చెక్ అసలు లేకపోయుంటే "ఇక్కడ ఎర్రర్ చూడలేదేంటి?" అని ఎవరైనా అడిగేవాళ్లు. ఏదో ఒకటి ఉంది కాబట్టి ఎవరూ అడగరు.

ఏది ఇస్తుందో తెలియక రెండూ చూసే ఈజ్ ఎర్ ఆర్ నల్ వాడేవాళ్లున్నారు. దాని కింద లైనులో పాయింటర్‌ని ఎర్రర్ నంబర్‌గా మార్చి రిటర్న్ చేస్తారు. పాయింటర్ నల్ అయితే ఆ నంబర్ ఎంత? సున్నా. సున్నా అంటే సక్సెస్. ఫెయిల్ అయిన ఫంక్షన్ సక్సెస్ అని చెప్పి వెళ్లిపోయింది. స్మాచ్ అనే టూల్ ఇలాంటివి పట్టుకుంటుంది, డాన్ కార్పెంటర్ రాసింది, కెర్నల్ మీద పనిచేసేవాళ్లకి ఆయన రిపోర్టులు బాగా తెలుసు. మీ చెక్‌లిస్టులో స్మాచ్ పేరు ఉందా?

ఇప్పుడు అవతలి వైపు. ఇంతదాకా చదివి "సరే, అయితే అనవసరమైన చెక్‌లన్నీ ఏరిపారేద్దాం, ఈ వారం ట్రైనీలకి అదే పని" అని మీలో ఎవరైనా అనుకుంటే దయచేసి కాస్త ఆగండి. 2009లో జరిగింది గుర్తుచేస్తాను. టన్ డ్రైవర్, అదే వీపీఎన్‌లు, వర్చువల్ మెషిన్లు వాడేది. 2.6.30 కెర్నల్లో డేటా సిద్ధంగా ఉందా అని చూసే దాని పోల్ ఫంక్షన్ మొదట్లో టన్ పాయింటర్ తెచ్చుకుని, డిక్లరేషన్లలోనే దాని లోపలి సాకెట్‌ని ఒక లోకల్ వేరియబుల్‌లోకి చదివేసింది. ఆ తర్వాత లైనులో, టన్ నల్ అయితే ఎర్రర్‌తో వెనక్కి. చదివేశాక చెక్. జీసీసీ కంపైలర్ దీన్ని చూసి, పైన డీరిఫరెన్స్ చేశారు (పాయింటర్ చూపే చోటుని చదివేశారు) కాబట్టి ఇక్కడికి వచ్చేసరికి ఇది నల్ అయ్యే ప్రసక్తే లేదు అనుకుని ఆ చెక్‌ని పూర్తిగా తీసేసింది. భాష రూల్స్ ప్రకారం దాని తప్పేం లేదు. కానీ ఆ పాయింటర్ నిజంగానే నల్ అవుతుంది: టన్ డివైస్ ఫైల్ తెరిచి, ఇంకా ఐఆక్టల్ సిస్టం కాల్‌తో ఇంటర్‌ఫేస్‌కి తగిలించకుండా పోల్ పిలిస్తే చాలు. ఆ రోజుల్లో సున్నా అడ్రస్ దగ్గర పేజీ మ్యాప్ చేసుకోవడానికి దారులు ఉండేవి, సెక్యూరిటీ పరిశోధకుడు బ్రాడ్ స్పెంగ్లర్ వాటిని కలిపి రూట్, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం, సంపాదించే ఎక్స్‌ప్లాయిట్ బయటపెట్టాడు. ఆ లోపానికి ఇచ్చిన నంబర్ సీవీఈ-2009-1897. ఫిక్స్ ఏమిటంటే సాకెట్ చదివే లైనుని చెక్ కిందికి దించడం. దాని తర్వాత కెర్నల్ మేక్‌ఫైల్‌లోకి నల్ పాయింటర్ చెక్‌లని తొలగించవద్దని కంపైలర్‌కి చెప్పే ఫ్లాగ్ ఒకటి చేరింది, ఇప్పటికీ ఉంది.

ఈ కథని సాధారణంగా కంపైలర్‌ని తిట్టడానికి వాడతారు. నేను వేరే ప్రశ్న అడుగుతాను. ఆ కోడ్ మీ ట్రైనీ చేతికి, "డీరిఫరెన్స్ తర్వాత చెక్ ఉంది, అనవసరం" అన్న టూల్ వార్నింగ్‌తో వచ్చిందనుకోండి. అతను ఏది తీసేస్తాడు? చెక్‌నే. కంపైలర్ చేసిన పనే మనిషి చేతులారా చేస్తాడు, కమిట్ మెసేజ్ రాసి మరీ. అలాంటి చోట రెండు లైన్లలో ఒకటి తప్పు అని మాత్రమే టూల్ చెప్పగలదు. ఏది తప్పో చెప్పడానికి ఆ పాయింటర్‌ని ఎవరు పెడతారో, ఎవరు తీస్తారో తెలిసిన మనిషి కావాలి.

ఇంకో రకం ఉంది, చూస్తే నూటికి నూరుపాళ్లు అనవసరం అనిపించేది. ఐపీవీ6 ఆన్‌లో ఉన్న మామూలు మెషిన్ మీద పైకి లేచిన ప్రతి ఈథర్నెట్ డివైస్‌కీ ఐపీవీ6 సమాచారం దాచుకునే స్ట్రక్చర్ ఒకటి, ఐనెట్6 డెవ్, తగిలి ఉంటుంది. మీ ల్యాబ్‌లో అది నల్ అవడం ఎప్పుడూ చూసుండరు. ఇప్పుడు ట్రాఫిక్ నడుస్తుండగా ఇంటర్‌ఫేస్ ఎంటీయూని, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజుని, 1280 బైట్ల కంటే తగ్గించండి. ఐపీవీ6కి కనీస ఎంటీయూ 1280, అంతకంటే తక్కువ అయితే ఆ డివైస్ మీద ఐపీవీ6 నడవకూడదు, కాబట్టి కెర్నల్ ఆ స్ట్రక్చర్‌ని ఊడబీకి ఆ పాయింటర్‌ని నల్ చేస్తుంది. డివైస్ బతికే ఉంది, పైకే ఉంది, ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి, పాయింటర్ మాత్రం పోయింది. ఐపీవీ4లో కూడా ఇదే కథ, అక్కడ అంకె 68. గూగుల్ నడిపే సిజ్‌బాట్ లాంటి ఫజ్జర్లకి (అడ్డదిడ్డంగా కాల్స్ చేసి బగ్‌లు వెతికే టూల్స్‌కి) ఇలాంటి సందులంటే మహా ఇష్టం, ఏ మనిషీ చేయని వరసలో ఎంటీయూ మార్చి, డివైస్ దించి, నేమ్‌స్పేస్ మార్చి, మధ్యలో ప్యాకెట్ పంపి చూస్తాయి. ఇక్కడ నల్ చెక్ తీసేస్తే ల్యాబ్‌లో ఏడాది గడిచినా ఏమీ కాదు.

పైగా ఇక్కడ చెక్ ఉంటే సరిపోదు, ఎలా ఉందన్నది ముఖ్యం. డివైస్‌లోంచి పాయింటర్ చదివి ఇఫ్‌లో చూసి, మళ్లీ డివైస్‌లోంచే రెండోసారి చదివి వాడితే, ఆ రెండు రీడ్‌ల మధ్య ఇంకో సీపీయూ దాన్ని నల్ చేసేయగలదు. ఆర్‌సీయూ (చదివేవాళ్లు ఉండగా పాత డేటాని ఫ్రీ చేయకుండా ఆపే పద్ధతి) రీడ్ లాక్ కింద ఒక్కసారి చదివి, లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, దాన్నే చెక్ చేసి, దాన్నే వాడాలి. లేదా నెట్‌వర్క్ సెట్టింగుల మార్పులని కాపాడే ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ పట్టుకుని ఉండాలి. సాకెట్ల దగ్గరా ఇంతే, అప్లికేషన్ సాకెట్‌ని క్లోజ్ చేశాక కూడా టీసీపీ వైపు ఎస్‌కే అనే స్ట్రక్చర్ కాసేపు బతికే ఉంటుంది, దానిలోని సాకెట్ పాయింటర్ మాత్రం నల్ అయిపోతుంది. కెర్నల్ ఫైర్‌వాల్ అయిన నెట్‌ఫిల్టర్‌లో లాగింగ్ కోడ్ యూజర్ ఐడీ రాయడానికి ఆ పాయింటర్‌ని ముట్టుకునేముందు కాల్‌బ్యాక్ లాక్ తీసుకుని అప్పుడు చెక్ చేస్తూ వచ్చింది, చూడండి. లాక్ లేని నల్ చెక్ ఇలాంటి చోట్ల క్రాష్‌ని ఆపదు, అరుదుగా వచ్చేలా చేస్తుంది. అరుదుగా వచ్చే క్రాష్ కంటే రోజూ వచ్చే క్రాష్ నయం, ఇది డీబగ్ చేసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

మరి నిశ్చింతగా తీసేయదగినవి లేవా అంటే, ఉన్నాయి. ఫ్రీ చేసే ఫంక్షన్ల ముందు పెట్టే చెక్‌లు. కేఫ్రీకి నల్ ఇస్తే ఏమీ చేయకుండా తిరిగొస్తుంది. వీఫ్రీ అంతే, కేఫ్రీ ఎస్‌కేబీ అంతే, కన్స్యూమ్ ఎస్‌కేబీ అంతే, ఓఎఫ్ నోడ్ పుట్ అంతే. మెమరీ పూల్స్, క్యాష్‌లు డిస్ట్రాయ్ చేసే ఫంక్షన్లని 2015లో ఇలాగే మార్చారు. నెట్ డివైస్ రిఫరెన్స్ వదిలే డెవ్ పుట్, పట్టుకునే డెవ్ హోల్డ్ 2021 దాకా నల్ ఇస్తే పడిపోయేవి, 5.15 కెర్నల్‌తో ఆ చెక్ వాటి లోపలికే వెళ్లింది, ఆ వెంటనే నెట్‌వర్కింగ్ కోడ్ అంతటా వాటి బయట ఉన్న ఇఫ్‌లు ఒక ప్యాచ్‌లో ఎగిరిపోయాయి. నాకు నచ్చిన పద్ధతి ఇది: వంద మంది కాలర్లు ఒకే ఇఫ్ రాస్తుంటే దాన్ని ఒక్కచోటికి లోపలికి తీసుకెళ్లి, తర్వాత బయటివి తీసేయడం. కానీ ఫ్రీ అనే పేరు చూసి అన్నీ అలాగే అనుకోకూడదు, ఫ్రీ నెట్‌డెవ్‌కి నల్ ఇస్తే పడిపోతుంది, అన్‌రిజిస్టర్ నెట్‌డెవ్‌కి ఇచ్చినా అంతే. మీ ప్రొడక్టులు చాలా వరకు పాత వెండర్ కెర్నళ్ల మీద నడుస్తాయి కాబట్టి ఇంకో మాట, మెయిన్‌లైన్లో, అంటే అసలు లైనక్స్ కెర్నల్లో, డెవ్ పుట్ ముందు ఇఫ్ తీసేసిన ప్యాచ్‌ని మీ పాత ట్రీలోకి తెచ్చేముందు ఆ ట్రీలోని డెవ్ పుట్ బాడీ తెరిచి చూడండి. ప్యాచ్ చక్కగా అప్లై అవుతుంది, కంపైల్ కూడా అవుతుంది, బాధంతా తర్వాతే.

ఈ ఫ్రీ చెక్‌లు కనిపెట్టడానికి మనుషులు కూడా అక్కర్లేదు. జూలియా లావాల్, ఆవిడ సహచరులు తయారుచేసిన కాక్సినెల్ అనే కోడ్ వెతికే టూల్‌కి కెర్నల్ ట్రీలోనే స్క్రిప్టులున్నాయి, ఫ్రీ ముందు నల్ చెక్ పట్టుకునేది వాటిలో ఒకటి. ప్యాచ్‌లని పరీక్షించే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు కూడా అరుస్తుంది. అప్‌స్ట్రీమ్‌కి, అదే ఆ మెయిన్‌లైన్‌కి, పంపేముందు మీ డ్రైవర్ డైరెక్టరీ మీద కాక్సీచెక్ నడపడానికి కాఫీ తాగేంత సమయం చాలు, అయినా ఎంతమంది నడుపుతున్నారో మీకే తెలుసు.

ఎర్రర్ పాత్‌లలో కనిపించే చెక్‌ల గుంపు మాత్రం వేరే జబ్బుకి లక్షణం. ప్రోబ్ ఫంక్షన్ చివర ఒకే ఒక్క ఎర్ లేబుల్, దాని కింద అది ఉంటే ఫ్రీ, ఇది ఉంటే ఫ్రీ అని వరసగా ఇఫ్‌లు. కెర్నల్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ దీనికి వన్ ఎర్ బగ్స్ అని పేరే పెట్టింది. ఒక్కో స్టెప్‌కి ఒక్కో లేబుల్ పెట్టి, తీసుకున్న వరసకి తలకిందుల వరసలో వదిలేస్తే ఏ లేబుల్ దగ్గర ఏం చేతిలో ఉందో కోడే చెప్తుంది, ఇఫ్‌లు వాటంతటవే రాలిపోతాయి. అక్కడ ఇఫ్‌లు తీసేయడం క్లీనప్ అనిపించుకోదు, వరస సరిచేయాలి.

మీ వైపు కష్టం తెలియక కాదు. కస్టమర్ ఆడిట్ అడుగుతాడు, స్టాటిక్ ఎనలైజర్ రిపోర్టులో నల్ డీరిఫరెన్స్ అన్న కాలమ్ సున్నా ఉండాలంటాడు, ఎక్సెల్ షీట్‌లో ఎర్ర గడులు పచ్చగా మారాలి. నేను పనిచేసిన ఒకచోట రిలీజ్‌కి ముందు వారం మొత్తం ఇదే పని జరిగేది, టూల్ చూపించిన ప్రతి లైను ముందూ ఒక ఇఫ్, లోపల ఒక రిటర్న్, గడి పచ్చ. ఆ రిటర్న్‌లో ఏ విలువ ఇవ్వాలో కూడా ఆలోచించే తీరిక ఉండేది కాదు. టూల్ ఆగిపోయింది, బగ్ ఆగలేదు. టూల్ తప్పు చెప్తే తప్పు అని కారణం రాసి క్లోజ్ చేసే హక్కు ఇంజినీర్‌కి ఇవ్వండి, ఆ కారణం రాయడానికి పట్టే అరగంటని పనిగంటల్లోనే లెక్కేయండి.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. చెక్‌లిస్టులో ఆ లైను ఉన్నచోట ఈ ప్రశ్న పెట్టండి: "ఈ పాయింటర్‌ని నల్ చేసేది ఎవరు, ఎప్పుడు, ఏ లాక్ కింద?" జవాబు ఒక ఫంక్షన్ పేరు అయితే చెక్ ఉండాలి, ఆ లాక్ కూడా ఉండాలి. జవాబు "ఎవరూ చేయరు" అయితే చెక్ ఉండకూడదు. "తెలీదు" అయితే ప్యాచ్ ఇంకా రివ్యూకి రెడీ కాలేదు. జరగకూడదని తెలిసి కూడా మనసొప్పక చూసుకోవాలనిపించే చోట్ల, చప్పుడు చేయని రిటర్న్ పెట్టకండి, నెట్‌వర్కింగ్ కోడ్ కోసమే డీబగ్ నెట్ వార్న్ ఆన్ వన్స్ అని ఒక మ్యాక్రో ఉంది, డీబగ్ కాన్ఫిగ్ ఆన్ చేసిన బిల్డ్‌లో మాత్రమే అరుస్తుంది, మీ టెస్ట్ ల్యాబ్‌లో ఆ కాన్ఫిగ్ ఆన్ చేసి నడపండి.

ఫంక్షన్ల మీద కామెంట్‌లో అది నల్ ఇస్తుందా, ఎర్రర్ పాయింటర్ ఇస్తుందా, ఏదీ ఇవ్వదా అన్నది రాయించండి. ఇది కొత్త కోడ్‌కే, పాత డ్రైవర్లన్నిటికీ ఇప్పుడే రాయించమని కాదు.

చివరిగా, ఇప్పటికే అప్‌స్ట్రీమ్‌లో ఉన్న మీ డ్రైవర్లలోని అనవసరపు చెక్‌ల విషయం. అవన్నీ విడి ప్యాచ్‌లుగా తీసి, ట్రైనీల పేర్ల మీద ప్యాచ్ కౌంట్ పెంచడానికి పంపకండి. వేరే పనిలో భాగం కాని చిన్నచిన్న క్లీనప్‌లని ప్రోత్సహించం అని కెర్నల్ నెట్‌వర్కింగ్ కోడ్ చూసుకునే నెట్‌డెవ్ మెయింటైనర్లు తమ డాక్యుమెంట్‌లో స్పష్టంగానే రాసి పెట్టారు, వాటివల్ల వచ్చే లాభం కంటే కోడ్‌ని అటూ ఇటూ కదిపే ఖర్చు ఎక్కువని వాళ్ల లెక్క, నాకూ ఆ లెక్క సబబుగానే ఉంది. కొందరు దీన్ని కొత్తవాళ్లని రానివ్వని గేటు అంటారు. నేనలా అనుకోను, అక్షర దోషాలు దిద్దే ప్యాచ్‌లని వాళ్లు కాదనడం లేదు మరి. ఆ ఫంక్షన్‌ని కొత్త ఫీచర్ కోసం తిరగరాస్తుంటే, అదే సిరీస్‌లో ముందు ప్యాచ్‌గా చెక్ తీసేయండి. కమిట్ మెసేజ్‌లో "అనవసరం కాబట్టి తీసేశాం" అని రాయకండి, ఎందుకు అనవసరమో రాయండి: ఏ కాలర్లు ఉన్నారు, ఆ పాయింటర్ ఎక్కడ సెట్ అవుతుంది, అది ఇక్కడికి నల్‌గా రావడం ఎందుకు కుదరదు. ఆ మూడు వాక్యాలు రాయలేకపోతే చెక్‌ని అలాగే ఉంచండి. ఫిక్స్ అయితే నెట్ ట్రీకి, మిగతావి నెట్ నెక్స్ట్‌కి, ఆ రెండూ ఒకే సిరీస్‌లో కలపొద్దని పిల్లలకి మీరే చెప్పాలి, మొదటిసారి పంపేవాళ్లలో చాలామందికి ఇది ఎవరూ చెప్పరు.

వచ్చే క్వార్టర్‌కి చెక్‌లిస్టు రివ్యూ చేసేటప్పుడు ఈ లైనుని చర్చకి పెట్టండి. ఒప్పుకోకపోతే మీ డ్రైవర్లోంచే ఒక నల్ చెక్ చూపించి, అది ఎప్పుడు నల్ అవుతుందో చెప్పండి. చూడాలని ఉంది.

ఇట్లు,
మీ డ్రైవర్ల ప్యాచ్‌లు చదివే ఒక తెలుగువాడు